రేకులో దిక్కు: వైండింగ్ షాపు బల్ల మీదే లోహపు గ్రెయిన్లు చూసే పద్ధతి

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్ విప్పి మళ్లీ పేర్చే పని దగ్గర, షాపులో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ ఏదో ఒక రోజు అడుగుతాడు: "అన్నా, పొడుగు పట్టీలు తక్కువ పడ్డయి. ఈ వెడల్పు రేకును అడ్డంగ కోసి పెడితే ఏమైతది? ఇనుమే గద?"

ఇనుమే. మందం ఒకటే, తూకం ఒకటే. అయినా పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదో నోటితో చెబితే తల ఊపి ఊరుకుంటారు, వారం తిరిగేసరికి మళ్లీ అదే అడుగుతారు. కళ్లకు చూపిస్తే మాత్రం మర్చిపోరు. ఆ చూపించే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు మాది మోటర్ వైండింగ్ షాపు. నేను డిప్లొమాలో చదివింది మెటలర్జీ, అన్నం పెడుతున్నది మా నాయన నేర్పిన వైండింగ్. ఈ రెండు చదువులూ కలిసేది ఈ రేకు దగ్గరే. దీనికి ఎక్స్‌రే యంత్రం అక్కర్లేదు, లక్షల మైక్రోస్కోపూ అక్కర్లేదు. షాపులోనో, ఐటీఐ వర్క్‌షాపులోనో, ఇంటి వెనక షెడ్డులోనో చేసుకోవచ్చు.

సైజు వేరు, దిక్కు వేరు

రాగి తీగ, ఇనుప రేకు, ఇత్తడి చెంబు, ఏదైనా సరే లోపల ఉన్నవి స్ఫటికాలే. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు చాలాచోట్ల ఒకేసారి స్ఫటికాలు మొలుస్తాయి, పెరిగి పెరిగి ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. అలా ఆగిన ఒక్కో ముక్కే గ్రెయిన్. ఒక గ్రెయిన్ లోపల అణువులన్నీ ఒకే వరసలో ఉంటాయి. పక్క గ్రెయిన్‌లోనూ అమరిక అదే, వరస మాత్రం ఇంకో వైపు తిరిగి ఉంటుంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద మిషన్‌తో నాటు వేసిన మళ్లను కాలువ కట్ట మీద నిలబడి చూడండి. ఒక మడిలో సాళ్లు తూర్పు పడమర, పక్క మడిలో ఉత్తర దక్షిణం, దాని పక్కది ఏటవాలు. మడి గ్రెయిన్ అయితే ఒడ్డు గ్రెయిన్ హద్దు. మళ్లు ఎంతెంత పెద్దవన్నది గ్రెయిన్ సైజు. సాళ్లు ఎటు తిరిగాయన్నది దిక్కు. ఆయకట్టులో ఎక్కువ మళ్ల సాళ్లు ఒకే వైపు తిరిగి ఉంటే, లోహంలో దాన్ని టెక్స్చర్ అంటారు.

చదువుకున్నవాళ్లు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే. మైక్రోస్కోపులో గ్రెయిన్లు ఒక పక్కకు సాగి కనిపిస్తే అదే టెక్స్చర్ అనుకుంటారు. సాగడం ఆకారం, అంతే. రేకును రోలర్ల మధ్య నొక్కితే గ్రెయిన్లు సాగుతాయి, దిక్కు కూడా ఏర్పడుతుంది. దాన్ని కాల్చి అనీలింగ్ చేస్తే సాగిన పాత గ్రెయిన్లు పోయి, గుండ్రటి కొత్త గ్రెయిన్లు పుడతాయి. అప్పుడు చూస్తే దిక్కూ మొక్కూ లేని రేకులాగే ఉంటుంది, కానీ ఆ కొత్తవి కూడా అన్నీ దాదాపు ఒకే వైపు తిరిగి ఉండొచ్చు. అందుకే సైజును కంటితో చూస్తాం, దిక్కును పని చేయించి చూస్తాం. ఈ రెండు పరీక్షలనూ కలపకండి.

పైసా ఖర్చు లేని మొదటి పాఠం

ఇంట్లో పాత జీఐ బకెట్టో, పాత కూలర్ డబ్బానో, ధాన్యం పోసే రేకు డబ్బానో ఉంటే తెచ్చుకోండి. దాని మీద పువ్వుల్లా మచ్చలు ఉంటాయి. ఇనుము మీద పూసిన జింకు గడ్డకట్టేటప్పుడు ఏర్పడిన గ్రెయిన్లు అవి, ఒక్కో పువ్వు ఒక్కో గ్రెయిన్. ఇప్పుడొచ్చే రేకుల మీద ఈ పువ్వు సన్నగా ఉంటుంది లేదా అసలు ఉండదు, ఫ్యాక్టరీలోనే తగ్గిస్తున్నారు. అందుకని పాతదే వెతకండి.

పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ రేకును చేతిలో పట్టుకోండి. మెరుస్తున్న ఒక పువ్వు పక్కన మార్కర్ పెన్నుతో చుక్క పెట్టి, రేకును మెల్లగా తిప్పండి. మెరిసేది నల్లబడుతుంది, నల్లగా ఉన్న పక్కది వెలుగుతుంది. రెండూ జింకే. తేడా అంతా లోపలి వరస తిరిగి ఉన్న కోణంలో ఉంది. ఈ ఒక్క పని చేయించాక పిల్లలకు మిగతాది చెప్పడం సులువు. గుళ్లలో, పాత ఇళ్లలో తలుపులకుండే ఇత్తడి పిడులు కూడా భూతద్దంతో చూడండి. ఏళ్ల తరబడి చేతుల చెమట తిని తిని, కొన్నింటి మీద గ్రెయిన్లు తేటగా బయటపడి ఉంటాయి. మనం యాసిడ్‌తో నిమిషాల్లో చేసే పని అక్కడ చెమట చేసింది.

సామాను

వాటర్ పేపర్లు 220, 400, 800, 1200, 2000 నంబర్లవి కార్ల పెయింటింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. మందపాటి అద్దం ముక్క ఒకటి, పేపర్ కింద పరుచుకోవడానికి. బ్రాసో, మెత్తటి నూలు గుడ్డ, దూది, స్పిరిట్, డిస్టిల్డ్ వాటర్, ప్లాస్టిక్ ట్రేలు, ప్లాస్టిక్ పట్టకారు. రాగికి, ఇత్తడికి ఫెర్రిక్ క్లోరైడ్ కావాలి. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు వాడేదే, ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో అడగండి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకోవచ్చు. ఇనుప రేకుకు బాత్రూంలు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ చాలు. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. వాషింగ్ సోడా ఒక ప్యాకెట్ దగ్గర పెట్టుకోండి.

మైక్రోస్కోపు కంప్యూటర్‌కు తగిలించే చిన్నది చాలు. పెట్టె మీద వెయ్యి రెట్లని అచ్చేస్తారు, నమ్మకండి. స్టీలు స్కేలు మీద అర మిల్లీమీటరు గీతల్ని దానితో ఫొటో తీసి, అది తెరమీద ఎంత పెద్దగా వచ్చిందో కొలుచుకుంటే అసలు లెక్క తేలుతుంది. ఆ ఫొటో దాచుకోండి, తర్వాత కొలతలన్నీ దాని మీదే నడుస్తాయి.

యాసిడ్ పని షాపు లోపల పెట్టుకోవద్దు. హైడ్రోక్లోరిక్ ఆవిరి తగిలితే రాత్రికి రాత్రి పనిముట్లు, బేరింగులు, స్టాంపింగులు (మోటర్ లోపల పేర్చే రేకు బిళ్లలు) అన్నీ తుప్పు పడతాయి. బయట, గాలి వీచే చోట, పిల్లలూ పశువులూ రాని మూలన చేయండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ రేకు

ఇదే అసలు పని, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మన బోర్ల దగ్గర స్తంభాల మీదుండే 16, 25, 63, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ల కోర్‌లో వాడే రేకును సీఆర్‌జీఓ (కోల్డ్ రోల్డ్ గ్రెయిన్ ఓరియెంటెడ్, అంటే గ్రెయిన్లు ఒకే దిక్కుకు తిరిగిన రేకు) అంటారు. దాదాపు 3 శాతం సిలికాన్ కలిపిన ఇనుము. మందం 0.23, 0.27, 0.30, 0.35 మిల్లీమీటర్లలో వస్తుంది. నార్మన్ గాస్ అనే అమెరికన్ దీనికి 1934లో పేటెంట్ తీసుకున్నాడు. రేకును చల్లగా రోల్ చేసి, కాల్చి, మళ్లీ రోల్ చేసి, చివర ఎక్కువ వేడిలో చాలాసేపు కాల్చితే, అయస్కాంతం ఒక వైపు తేలిగ్గా ఎక్కే రేకు వస్తుందని చూపించాడు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఆ చివరి కాల్పు 1200 డిగ్రీల దగ్గర జరుగుతుంది. లోపల మాంగనీస్ సల్ఫైడ్ లాంటి సన్నటి రేణువులు మామూలు గ్రెయిన్లను పెరగనివ్వకుండా పట్టి ఉంచుతాయి. సరైన దిక్కులో ఉన్న కొద్ది గ్రెయిన్లు మాత్రం ఆ పట్టు విడిపించుకుని, చుట్టూ ఉన్నవాటిని మింగుతూ పెద్దవవుతాయి. చివరికి రేకంతా అవే మిగులుతాయి. ఇనుము స్ఫటికం ఒక ఘనం లాంటిదనుకుంటే, దాని అంచు వెంబడి అయస్కాంతం అన్నిటికన్నా తేలిగ్గా ఎక్కుతుంది. గాస్ రేకులో ఆ అంచులన్నీ రోల్ చేసిన వైపుకే, అంటే రేకు పొడుగుకే తిరిగి ఉంటాయి.

ఇక చూడటం. కాలిన కోర్ నుంచి తీసిన పాత పట్టీ ఒకటి అర అడుగు ముక్క కోయండి. మంచి పట్టీని పాడుచేయొద్దు. మీద బూడిద రంగు పూత ఉంటుంది. గాజు లాంటి పొర, దాని మీద ఫాస్ఫేట్ పూత. 220 పేపర్‌ను నీళ్లతో తడిపి రెండు వైపులా పూత పోయేదాకా రుద్దండి, తర్వాత 400, 800. అద్దంలా మెరవక్కర్లేదు, గీతలు సన్నబడితే చాలు. సబ్బుతో కడిగి, ఇక చేతి వేళ్లు తగలకుండా పట్టుకోండి. నూనె మరక ఉన్నచోట యాసిడ్ పట్టదు, అక్కడ మచ్చ మిగిలిపోతుంది.

ట్రేలో ముందు మూడు వంతుల నీళ్లు, దాంట్లో ఒక వంతు బాత్రూం యాసిడ్. ఒక్కో కంపెనీ యాసిడ్ బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇన్ని నిమిషాలని గడియారం చూసి చెప్పలేం. ముక్కను ముంచి, కొన్ని నిమిషాలకోసారి తీసి, కడిగి, ఏటవాలు వెలుతురులో పట్టి చూడండి. పని మెల్లగా సాగుతుంటే ట్రేను వేడినీళ్ల బేసిన్‌లో పెట్టండి. యాసిడ్‌ను పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. కాసేపటికి రేకు మీద పటం గీసినట్టు హద్దులు లేస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాటిన వాటి దాకా గ్రెయిన్లు ఉత్తి కంటికే కనిపిస్తాయి. చాలనుకున్నప్పుడు తీసి, వాషింగ్ సోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, స్పిరిట్ పోసి ఆరబెట్టండి. లేకపోతే కళ్ల ముందే తుప్పు లేస్తుంది.

ఇప్పుడు ఒక గ్రెయిన్ హద్దును పెన్సిల్‌తో చుట్టండి. దాని మూలల్లో సూదిమొనతో చిన్న గుర్తులు గుచ్చి, రేకు తిప్పి వెనక వైపు చూడండి. హద్దు దాదాపు అక్కడే ఉంటుంది! గ్రెయిన్ వెడల్పు సెంటీమీటరు, రేకు మందం పావు మిల్లీమీటరు. మందంలో ఇంకో గ్రెయిన్‌కు చోటే లేదు, పై నుంచి కింది దాకా ఒక్కటే స్ఫటికం. మెటలర్జీ చదివిన పిల్లలు కూడా దీన్ని చేతిలో పట్టుకుని చూస్తే ఒక నిమిషం మాట్లాడరు.

ఇంతవరకూ చూసింది సైజు. దిక్కు ఇంకా తేలలేదు.

దిక్కు తేల్చడానికి చిన్న కోర్ చేయాలి. 100 మిల్లీమీటర్ల పొడుగు, 20 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలు రెండు రకాలుగా కోయండి. ఒక రకం రేకు పొడుగు వెంబడి, రెండో రకం రేకుకు అడ్డంగా. రకానికి 80 ముక్కలు. పాత కోర్ పట్టీల్లో వెడల్పు 100 మిల్లీమీటర్లు దాటినవి ఏరుకోండి, అప్పుడే అడ్డం ముక్కలు వస్తాయి. వీటికి పూత గీకకూడదు, గీకితే ముక్కల మధ్య కరెంటు తిరుగుతుంది. కోసిన అంచున బర్ర్ (లేచిన గరుకు అంచు) ఉంటే సన్న ఆకురాయితో తీసేయండి. ఒకే రకం ముక్కలతో నాలుగు వైపులా వైపుకు 20 చొప్పున చతురస్రం పేర్చండి. మూలల్లో ఒక పొర ఇటుది పైన, తర్వాతి పొర అటుది పైన వచ్చేలా ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. పేర్చే ముందే నాలుగు అట్ట బాబిన్లు చేసి, ఒక్కోదాని మీద 75 చుట్లు చుట్టుకోండి. మొత్తం 300 చుట్లు, వరసగా ఒకే వైపు తిరిగేలా కలపండి. మూలల మీద చెక్క ముక్కలు పెట్టి అదిమితే చాలు, ఇనుప క్లాంపు వద్దు.

వేరియాక్ (వోల్టేజీని తిప్పి పెంచే తగ్గించే పరికరం) నుంచి 12 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, దాని నుంచి ఈ కాయిల్. నేరుగా మెయిన్స్ తగిలించే ఆలోచన చేయొద్దు. మధ్యలో అమ్మీటర్, కాయిల్ మీద వోల్ట్ మీటర్. మెల్లగా పెంచి కాయిల్ మీద 10 వోల్టులు తేండి. 0.27 మందం రేకుతో ఈ కొలతలకు అది సుమారు 1.4 టెస్లా (రేకులో అయస్కాంతం ఎంత ఎక్కిందో చెప్పే కొలత) అవుతుంది. కరెంటు రాసుకోండి. కోర్ విప్పి, అవే బాబిన్లలో అడ్డం ముక్కలు పేర్చి, మళ్లీ 10 వోల్టులే పెట్టండి. వోల్టేజీ అదే, చుట్లు అవే, ఇనుము అదే, కాబట్టి లోపలి ఫ్లక్స్ (రేకులో పారే అయస్కాంతం) కూడా అంతే. కరెంటు మాత్రం అనేక రెట్లు పెరుగుతుంది. అదే ఫ్లక్స్ ఎక్కించడానికి అడ్డం రేకు అంత ఎక్కువ అడుగుతోందన్నమాట. "ఇనుమే గద" అన్నవాడి చేతికే మీటర్ ఇవ్వండి.

ఓపిక ఉన్నవాళ్లు మూడో రకం కూడా కోయండి, రేకు పొడుగుకు 55 డిగ్రీల కోణంలో. అన్నిటికన్నా చెడ్డ దిక్కు 90 డిగ్రీలదే అని అందరూ అనుకుంటారు. ఫ్లక్స్ పెంచేకొద్దీ 55 దగ్గరే ఎక్కువ ఇబ్బంది తేలుతుంది. గాస్ రేకులో ఘనం మూల నుంచి ఎదురు మూలకు పోయే గీత రోలింగ్ దిక్కుకు సుమారు ఆ కోణంలో పడుతుంది, ఇనుములో అయస్కాంతానికి అన్నిటికన్నా మొండి దిక్కు అదే.

ఇప్పుడు షాపు పనికి వద్దాం. కోర్‌లో నిలువు కాళ్ల రేకులూ, అడ్డం యోక్ రేకులూ అన్నీ ఎవరి పొడుగు వెంబడి వాళ్లే కోసి ఉండటానికి కారణం ఇదే. మూలల్లో 45 డిగ్రీల కోత పెట్టేది కూడా, ఫ్లక్స్ మలుపు తిరిగేచోట దిక్కు తప్పి నడిచే దూరం తగ్గించడానికే. రేకును ఇనుప సుత్తితో కొట్టొద్దు, చెక్క సుత్తితోనే సర్దండి. వంగిన రేకును తిన్నగా చేసి మళ్లీ వాడొద్దు. దెబ్బ తగిలినచోట స్ఫటికం లోపలి వరస చెదురుతుంది, అయస్కాంతం అక్కడ తడబడుతుంది. ఫ్యాక్టరీల్లో అయితే కోతకొచ్చిన ఒత్తిడి పోవడానికి 800 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌లో మళ్లీ కాలుస్తారు. మన షాపుల్లో ఆ వీలు లేదు కాబట్టి జాగ్రత్తే మందు. నో లోడ్ నష్టం (లోడు లేకపోయినా కోర్ తినే కరెంటు) రోజుకు 24 గంటలూ ఉంటుంది, మోటర్ నడిచినా నడవకపోయినా.

ఒక సప్లయర్ ఒకసారి కొత్త సీఆర్‌జీఓ అని పంపిన కట్టల్లో పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి మళ్లీ కోసిన రేకు వచ్చింది. ఎలా పట్టాలో చెబుతాను. మైక్రోమీటర్‌తో పది పన్నెండు పట్టీల మందం చూడండి, కొత్త కట్టలో తేడా రాదు. పూత రంగు పట్టీకి ఒక తీరుగా ఉంటే అనుమానించండి. అంచుల్లో పాత 45 కోతల ఆనవాళ్లు, క్లాంపు మరకలు, చెరిగిన తుప్పు వెతకండి. అయినా తేలకపోతే పైన చెప్పిన చిన్న కోర్ ఉండనే ఉంది. నమ్మకమైన రేకుతో ఒకసారి కరెంటు రాసి పెట్టుకుంటే, కొత్తగా వచ్చిన ప్రతి సరుకునూ దాంతో పోల్చుకోవచ్చు.

మోటర్ స్టాంపింగుల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. అక్కడ అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఒకే దిక్కు మంచిగా ఉంటే లాభం లేదు, అన్ని వైపులా దాదాపు సమానంగా ఉండాలి. అందుకే అక్కడ సీఆర్‌ఎన్‌జీఓ (నాన్ గ్రెయిన్ ఓరియెంటెడ్, అంటే ఒకే దిక్కు లేని రేకు) వాడతారు. దాని గ్రెయిన్లు కంటికి కనిపించవు, మైక్రోస్కోపు కావాలి. కాలిన మోటర్‌లో రాగి తీయడానికి స్టాంపింగులను మంటలో వేసే అలవాటు ఇంకా ఉంది. గ్రెయిన్ల సంగతి అటుంచి, ముందు రేకుల మధ్య ఇన్సులేషన్ కాలిపోతుంది. ఆ మోటర్ తిరిగి వచ్చేది వేడెక్కుతోందన్న ఫిర్యాదుతోనే.

రాగి: వంచి చూడటం, రుద్ది చూడటం

రాగి ఎర్తింగ్ పట్టీనో, బస్‌బార్ ముక్కనో మూడు ముక్కలు చేయండి. మొదటిది ఉన్నదున్నట్టే ఉంచండి. రెండోదాన్ని నీడలో మసక ఎరుపు కనిపించేదాకా వేడిచేసి, కాసేపు అలాగే పట్టి నీళ్లలో ముంచండి. మూడోదాన్ని నారింజ ఎరుపు దాకా తీసుకెళ్లి చాలాసేపు కాల్చండి. గ్యాస్ టార్చ్‌తో చేస్తే మంటలో గాలి తక్కువ కాకుండా చూసుకోండి. కరెంటు పనుల రాగిలో కొంచెం ఆక్సిజన్ ఉంటుంది. గాలి చాలని మంటలోని హైడ్రోజన్ లోపలికి దూరి దాంతో కలిస్తే ఆవిరి పుట్టి గ్రెయిన్ హద్దులు విచ్చుకుంటాయి, రాగి పెళుసవుతుంది.

మూడింటినీ వంచండి. మొదటిది ఎదురు తిరుగుతుంది. రెండోది మెత్తగా వంగుతుంది, వంపు బయటి వైపు నునుపుగానే ఉంటుంది. మూడోదీ మెత్తగానే వంగుతుంది, కానీ వంపు మీద గరుకు లేస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. గ్రెయిన్లు బాగా పెరిగిపోయి, ఒక్కోటి తన దిక్కును బట్టి ఒక్కోలా వంగడం వల్ల వచ్చిన గరుకు అది. అనీలింగ్ ఎక్కువైందని చెప్పడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష నాకు తెలియదు.

ఇప్పుడు ఆ ముక్కల చివర్లు కోసి, ఎంసీల్‌లోనో, పళ్ల సెట్లు చేసేవాళ్లు వాడే అక్రిలిక్ పొడి ముద్దలోనో పొదగండి. పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, అంచులు గుండ్రం కావు. అద్దం మీద తడి పేపర్ పరిచి, 220తో మొదలుపెట్టి ఒకే వైపుకు రుద్దండి. నంబర్ మార్చినప్పుడల్లా ముక్కను కడిగి, ముందు గీతలకు అడ్డంగా తిప్పి రుద్దాలి. పాత గీత ఒక్కటి కూడా మిగలకుండా పోయాకే తర్వాతి నంబర్. తొందరపడేది అందరూ ఇక్కడే. 2000 అయ్యాక నూలు గుడ్డ మీద బ్రాసోతో తేలిగ్గా రుద్దండి. రాగి మెత్తది, గట్టిగా నొక్కితే పైపొర పూసినట్టయి గ్రెయిన్లను కప్పేస్తుంది. అలా అయితే ఒకసారి యాసిడ్ పట్టించి, మళ్లీ మెరుగుపెట్టి, మళ్లీ పట్టిస్తే పొర పోతుంది.

ఫెర్రిక్ క్లోరైడ్‌ను నీళ్లతో బాగా పలచన చేసి, దూదితో పది ఇరవై సెకన్లు తుడవండి. మెరుపు పోయి మసకబారగానే కడిగి, స్పిరిట్ పోసి ఆరబెట్టండి. చాలకపోతే మళ్లీ తుడవొచ్చు, ఎక్కువైతే మాత్రం మళ్లీ పేపర్ దగ్గరికే. బట్టల మీద పడితే ఆ పసుపు మరక పోదు.

కాల్చిన రాగిలో గ్రెయిన్ల లోపల తిన్నటి గీతలతో పట్టీలు కనిపిస్తాయి. అవి గీకిన గీతలు కావు, ట్విన్‌లు. అద్దంలో ప్రతిబింబంలా వరస తిరగబడిన భాగాలు. రాగిలో, ఇత్తడిలో మామూలే. లెక్కపెట్టేటప్పుడు వాటిని హద్దులుగా లెక్కించకూడదు.

లెక్క ఇలా. ఫొటో మీద తిన్నగా గీతలు గీయండి, స్కేలు ఫొటోతో పోల్చి వాటి అసలు పొడుగు తేల్చుకోండి. గీత ఎన్ని హద్దులు దాటిందో లెక్కపెట్టి పొడుగును దాంతో భాగించండి. అన్ని గీతలూ కలిపి 1.9 మిల్లీమీటర్లు, దాటిన హద్దులు 50 అనుకోండి. సగటు 0.038 మిల్లీమీటర్లు, అంటే 38 మైక్రాన్లు. ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) లెక్కలో అది దాదాపు 6వ నంబర్. 28 మైక్రాన్లయితే 7, 57 అయితే 5. నంబర్ పెరిగితే గ్రెయిన్ సన్నబడిందన్నమాట, తికమక పడొద్దు. గీతలు సగం పొడుగుకూ సగం అడ్డానికీ గీసి విడిగా లెక్కకడితే గ్రెయిన్ ఎంత సాగిందో తెలుస్తుంది. అది ఆకారం లెక్కే, దిక్కు లెక్క కాదు. గ్రెయిన్ సన్నబడేకొద్దీ లోహం గట్టిపడుతుందని 1951లో హాల్, 1953లో పెచ్ చూపించారు. లోహం వంగేటప్పుడు అణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారతాయి, హద్దు దగ్గర ఆ జారుడు ఆగుతుంది, హద్దులు ఎక్కువైతే ఆగే చోట్లూ ఎక్కువ.

అల్యూమినియంలో దిక్కు చూడాలంటే గిన్నెలు నొక్కే ప్రెస్సు షాపుకు వెళ్లండి. గుండ్రటి బిళ్లను నొక్కి గిన్నె చేశాక, అంచు కత్తిరించకముందు ఒకటి అడిగి తెచ్చుకోండి. బిళ్ల మీద రేకు పొడుగు వైపు ముందే గీత గీయించండి. అంచు చుట్టూ ఎత్తు కొలిస్తే సమానంగా ఉండదు, సాధారణంగా నాలుగు చోట్ల చెవుల్లా లేస్తుంది. రోలింగ్ దిక్కు మిగిలి ఉన్న గట్టి రేకులో చెవులు గీతకు 45 డిగ్రీల దగ్గర వస్తాయి. కాల్చి మెత్తబరిచిన రేకులో ఘనం అంచులు రేకు పొడుగుకూ అడ్డానికీ సర్దుకుని ఉంటే గీత మీదా, దానికి 90 డిగ్రీల దగ్గరా వస్తాయి. రెండూ సరిపాళ్లలో కలిసిన రేకు వాడితే చెవులు తగ్గుతాయి, కత్తిరించి పారేసే తుక్కు తగ్గుతుంది. ప్రెస్సు యజమానికి చెబితే వినేది ఈ తుక్కు లెక్కే.

దిక్కు కోణాలు కచ్చితంగా కావాలంటే ఎక్స్‌రేతో పోల్ ఫిగర్ (గ్రెయిన్లు ఎటెటు తిరిగాయో చూపే పటం) తీయించాలి, లేదా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఈబీఎస్‌డీ (ఒక్కో గ్రెయిన్ దిక్కు కొలిచే పద్ధతి) చేయించాలి. ఐఐటీ బొంబాయిలో దీనికోసమే జాతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో డీఎంఆర్ఎల్ లాంటి లోహ పరిశోధన సంస్థలకు ఇది రోజూ చేసే పని. మన పక్కనే అణు ఇంధనం చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో చేసే జిర్కోనియం గొట్టాలకు ఈ దిక్కే ప్రాణం. రియాక్టర్‌లో ఆ గొట్టం హైడ్రోజన్ పీల్చుకుని లోపల హైడ్రైడ్ పలకలు కడుతుంది. ఆ పలకలు గొట్టం చుట్టూ తిరిగే వైపు పడుకుంటే పర్వాలేదు, గోడ మందంలో నిలువునా లేస్తే గొట్టం చీలిపోవడం సులువవుతుంది. ఎటు పడతాయన్నది చాలామటుకు గొట్టం సాగదీసినప్పుడు ఏర్పడిన టెక్స్చర్ మీదే ఉంటుంది.

పని అయ్యాక ప్రతి ముక్కనూ చిన్న కవర్‌లో వేసి, రేకు పొడుగు వైపు బాణం గుర్తు, మందం, తారీఖు, ఏ యాసిడ్ ఎంతసేపు పట్టించారో చీటీ మీద రాయండి. బాణం లేని ముక్క దేనికీ పనికిరాదు, పారేయండి. వాడిన హైడ్రోక్లోరిక్‌లోనూ, ఫెర్రిక్ క్లోరైడ్‌లోనూ వాషింగ్ సోడా కొద్దికొద్దిగా, బుడగలు ఆగిపోయేదాకా కలపండి. అడుగున దిగిన మడ్డిలో రాగి ఉంటుంది, దాన్ని మోరీలోనో, బోరు పక్కనో, పొలం గట్టు మీదో పోయకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో ఆరబెట్టి, మూత పెట్టి, పేరు రాసి పక్కన ఉంచండి. ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఇచ్చేయాలి.